దావూదు గదిలో కుందేలు

పెంటిక ఒక్కటే. మిరియపు గింజకంటే పెద్దదేమీ కాదు. అయితే అది కామేశ్వరరావు గారి అమ్మాయి పెళ్ళి పరుపులోకి పోవలసిన దూదిలోంచి, సాక్షాత్తూ కామేశ్వరరావు గారి కళ్ళ ముందే ఊడిపడి, దొర్లుకుంటూ వచ్చి ఆయన చెప్పు దగ్గర ఆగింది.

దూదేకుల అమీర్ బాషా చేతిలోని గుప్పెడు దూది చేతిలోనే ఉండిపోయింది. "చూడు సామీ, పాల నురగ! ప్రొద్దుటూరంతా తిరుగు, ఇట్లాంటి దూది ఇంకొక అంగట్లో దొరికితే నా మీసం తీసేస్తా" అని ఆయన అప్పుడే అని ఉన్నాడు.

"ఏందిది అమీర్ బాషా?" అన్నాడు కామేశ్వరరావు. తాలూకా కచ్చేరీలో గుమాస్తా. కోపం వస్తే అందరికీ గొంతు పెరుగుతుంది, ఆయనకు తగ్గుతుంది. ఇప్పుడు బాగా తగ్గింది.

అమీర్ బాషా వంగి చూశాడు. తల ఎత్తకుండానే లోపలున్న భార్యకు కేక వేశాడు. "ఖాజాబీ! కోడల్ని పిలువు. దాని కుందేలును గూడా తెమ్మను."

ఖాజాబీ బయటికి వచ్చింది కానీ పిలవలేదు. పిలవాల్సిన అవసరమూ లేకపోయింది. నడిమింటి గడపలో కోడలు మున్వర్ నిలబడి ఉంది. ఆమె కొంగు కింద ఏదో కదులుతూ ఉంది. కాసేపటికి కొంగు అంచున రెండు తెల్లని చెవులు, తరువాత రెండు ఎర్రని కళ్ళు బయటికొచ్చి కామేశ్వరరావును పరీక్షగా చూశాయి.

"ఓహో, ఇదా" అన్నాడాయన. "చూడు బాషా, నాకేం పట్టింపు లేదు. మా ఇంట్లో ఆమెకు తెలిస్తే మాత్రం పరుపు గడప దాటదు. పెండ్లి పరుపు. పిల్ల కూర్చోవాల్సింది."

"ఇదంతా తీసేస్తా సామీ. కొత్త పత్తి తెచ్చి మళ్ళా మొదట్నించి ఏకుతా. నా మాట నమ్ము."

"నమ్మకపోతే ఇంత దూరం ఎందుకొస్తాను?" అని ఆయన లేచాడు. పోతూ పోతూ ఒకసారి మున్వర్ వైపు, ఒకసారి ఖాజాబీ వైపు చూశాడు. ఆ రెండో చూపు ఖాజాబీకి నచ్చలేదు. ఆమె కళ్ళు దించుకుంది.

ఆయన వీధిలోకి దిగీ దిగకముందే ఇంట్లో మొదలైంది.

"సాయంత్రానికి అది బయట ఉండల్ల" అన్నాడు అమీర్ బాషా.

"బయట యాడ మామా?" అంది మున్వర్.

"యాడనా? దొడ్లో. వేపచెట్టు కింద గంప బోర్లించు. దేవుడు దాన్ని పుట్టించింది అడివిలో తిరగమని. పరుపుల మీద పొర్లమని గాదు."

"అడివి కుందేలయితే మట్టి రంగుంటాది. ఇది పులివెందుల్లో కంట్రాక్టరు బంగళాలో, గూట్లో పుట్టింది. పది కుందేళ్ళ నడుమ పెరిగింది. దీనికి అడివంటే ఏం తెలుసు మామా?"

"తెలుసుకుంటాది."

"రోహిణి కార్తెలోనా? మనమే మిట్టమధ్యాన్నం దొడ్లో అడుగు పెట్టలేకపోతాండాం. ఒంటినిండా బొచ్చున్న జీవి, యాడుంటాది? ఇది వచ్చిన కాడినుంచి ఆ పక్కింటి గండుపిల్లి గోడ దిగకుండా చూస్తాండాది."

"లోపలుంటే నా పని పోతాది. ఈరోజు పెంటిక, రేపు బొచ్చు. దూదేకులోని ఇంట్లో పరుపు కొంటే జంతువుల బొచ్చొస్తాదని ఊరంతా అంటే, నేనీ దూదేకే విల్లు యాడ తగిలించుకోవల్ల?"

ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉంది. జగడం ఎప్పుడూ అక్కడే తెగదు. చివరికి మున్వర్ అత్త వైపు తిరిగింది. "నువ్వు చెప్పత్తా. లోపలా, బయటా?"

మూడు వారాల కింద మున్వర్ తమ్ముడు పులివెందుల నుంచి ఆ కుందేలును సంచిలో పెట్టుకుని వచ్చినప్పుడు, ఇంత గొడవ తెస్తుందని ఎవరూ అనుకోలేదు. మున్వర్ దానికి రూయి అని పేరు పెట్టింది. తురకంలో రూయి అంటే దూదే. దూదేకుల ఇంట్లో దానికి అంతకంటే తగిన పేరు ఏముంటుంది? ఏకిన దూది కుప్పలో అది కళ్ళు మూసుకుని పడుకుంటే ఎంత వెతికినా కనిపించేది కాదు. అప్పుడు మున్వర్ "రూయీ, రూయీ" అని మెల్లగా పిలుస్తుంది. కుప్పలో ఒక చోట రెండు ఎర్ర చుక్కలు తెరుచుకుంటాయి. సంవత్సరంగా నోరు తెరవని పిల్ల అప్పుడు నవ్వుతుంది. ఆ నవ్వు వినడానికే ఖాజాబీ ఎన్నోసార్లు పొయ్యి దగ్గర పని ఆపుకుని కూర్చుంది.

"నీ ఇష్టం అత్తా. నువ్వెట్ల చెప్తే అట్ల" అంది మళ్ళీ మున్వర్. "వెనక గది ఉండాది గదా. ఆయన గది. దూది అంగడికి దూరం. మిద్దె గోడలు, శానా చల్లగుంటాది. తలుపు మూస్తే ఒక్క వెంట్రుక ఇవతలికి రాదు."

"ఆ గది మాట ఎత్తొద్దు" అంది ఖాజాబీ.

ఎంత గట్టిగా అందో ఆమెకే తెలియలేదు. అమీర్ బాషా కూడా తల తిప్పి చూశాడు.

"ఆ గదిలో ఎవరు పండుకుంటాండారత్తా?" అని మున్వర్ నెమ్మదిగా అడిగింది.

గాలిలో లేచిన దూది పీచు కిటికీ వెలుతురులో మెల్లగా తేలుతూ, ఎక్కడ వాలాలో తెలియనట్టు ముగ్గురి మధ్యా తిరిగింది. మున్వర్ కుందేలును కొంగులో చుట్టుకుని దొడ్డి వైపు వెళ్ళిపోయింది.

కామేశ్వరరావు గొడుగు మరిచిపోయి వెళ్ళాడు. ఖాజాబీ దాన్ని తీసుకుని వీధి మలుపు దాకా పరుగెత్తింది. ఆయన అక్కడ నీడలో నిలబడి ఉన్నాడు. మరిచిపోవడం నిజమో, మరిచిపోయినట్టు చేశాడో ఆ దేవుడికే తెలియాలి.

"ఖాజాబీ, జవాబు రాయించినావా?"

"రాయించినా సామీ."

"ఎవరితో?"

"బడి పంతులుతో."

అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే నమ్మబుద్ధి కాలేదు.

"మంచిది" అన్నాడాయన. "బక్రీదు లోపల జవాబు రాకుంటే, మున్వర్‌కు రావాలని లేదనుకుంటానని రాసినాడు గదా. ఆ మీద గది ఖాళీ చేసి అహమ్మదాబాదో ఇంకెక్కడో పోతానన్నాడు. ఇంక ఇరవైయైదు దినాలు గూడా లేవు. ఆ కాగితం మాత్రం భద్రంగా పెట్టుకో. గది నంబరు, గల్లీ పేరు నాకేమీ జ్ఞాపకం లేవు. బొంబాయిలో అడ్రసు పోయిందంటే మనిషి పోయినట్లే."

గొడుగు అందుకుని ఆయన నాలుగడుగులు వేసి ఆగాడు. "ఇంకో మాట. మా పిల్ల అత్తగారింటికి పోతాదంటే మా ఇంట్లో ఆమె వారం నించి అన్నం తినడం లేదు. తల్లుల సంగతి నాకు తెలుసు ఖాజాబీ. అందుకే అడిగినా."

ఖాజాబీ మలుపులో అట్లాగే నిలబడింది.

ఉత్తరం మూడు నెలల కింద, షబేబరాత్ పండగ నాడు వచ్చింది. కామేశ్వరరావు గారింటికి దిండ్లు ఇచ్చి రావడానికి పోతూ ఉంటే, పోస్టుమాన్ వీధిలో ఎదురై నీలం ఇన్లాండు ఉత్తరం ఆమె చేతిలో పెట్టాడు. చదివి చెప్పింది కామేశ్వరరావే. కొడుకు దావూదుకు బొంబాయి మిల్లులో పని ఖాయమైంది. మిల్లులో దూది ఏకేది కూడా మిషనేనట. గది దొరికింది. మున్వర్‌ను ఎర్రగుంట్లలో రైలెక్కిస్తే చాలు, బొంబాయిలో స్టేషనుకు తనే వస్తాడు. నాయనకు కోపం తగ్గిందా అని ఒక వాక్యం. అమ్మా నీ కాలి నొప్పి ఎట్లుందని ఒక వాక్యం.

విల్లుకు కాలం చెల్లిపోయిందని కొడుకు అన్నందుకు, పోరా నా గడప తొక్కొద్దని తండ్రి అన్నందుకు, సంవత్సరం కింద ఆ పిల్లవాడు వెళ్ళిపోయాడు. పెళ్ళై అప్పటికి ఆరు నెలలు. ఆనాటి నుంచీ ఖాజాబీ మనసులో ఒకటే లెక్క. మున్వర్ ఈ ఇంట్లో ఉంటే దావూదు ఎప్పుడో ఒకరోజు ఈ గడప దగ్గరికి రాక తప్పదు. మున్వర్ రైలెక్కిందా, ఇక వాడు రాడు. ఎందుకొస్తాడు?

ఉత్తరాన్ని ఇంటికి తెస్తే మున్వర్ చదివేస్తుంది. పులివెందుల్లో ఐదో తరగతి దాకా చదివిన పిల్ల. చించేద్దామంటే చెయ్యి రాలేదు. వాడి రాత. ఆమెకు ఒక్క అక్షరం రాకపోయినా, ఆ వంకర గీతలు వాడి చేతిలోంచి వచ్చినవే. చివరికి వెనక గదిలో దావూదు దిండు కుట్టు విప్పి, కాగితాన్ని దూది నడుమ పెట్టి, మళ్ళీ దబ్బనంతో కుట్టేసింది. దూదేకుల ఇల్లాలి కుట్టు ఎవరికీ తేడా కనిపించదు.

ఇదంతా అమీర్ బాషాకు కూడా తెలియదు. పోస్టుమాన్ సైకిలు గంట వీధిలో మోగినప్పుడల్లా విల్లు నారి మోత ఒక క్షణం ఆగుతుంది. గంట ముందుకు వెళ్ళిపోయాక మళ్ళీ మొదలవుతుంది. మూడు నెలలుగా ఖాజాబీ ఆ మోత ఆగడం వింటూనే ఉంది.

కుందేలు దొడ్లోకి పోయింది.

మొదటి రోజు గంప కింద అది మూల నక్కి కూర్చుంది. తోటకూర వేస్తే ముట్టలేదు. రెండోరోజు గండుపిల్లి గోడ దిగి గంప చుట్టూ తిరిగింది. మున్వర్ చీపురు తీసుకుని తరిమింది. ఆ తరువాత గోనెపట్ట నీళ్ళలో తడిపి గంప మీద కప్పి, తానూ ఆ చెట్టు కిందే కూర్చుంది. ఎంత పిలిచినా లోపలికి రాలేదు.

"ఎండ తగుల్తాది లోపలికి రా బిడ్డా" అంది ఖాజాబీ.

"దీనికి తగలదా అత్తా?"

మూడోరోజు మధ్యాహ్నం వేడికి ఊరు ఊరంతా కళ్ళు మూసుకుంది. విల్లు కూడా ఆగిపోయింది. దొడ్డి గడపలో గోడకు ఆనుకుని ఖాజాబీ కునుకు తీసింది. నిద్రా కాదు, మెలకువా కాదు. దొడ్లో వెలుతురు తెల్లగా వణుకుతూ ఉంది. ఆ తెల్లదనమంతా దూదిగా మారి, మెల్లమెల్లగా పేరుకుని, నడుము ఎత్తు కుప్ప అయింది. కుప్ప మీద రెండేళ్ళ దావూదు బోర్లా పడుకుని ఉన్నాడు. జుట్టులో దూది, కనుబొమ్మల మీద దూది. "వానికి దగ్గొస్తాది, దించే" అని అమీర్ బాషా ఎక్కడి నుంచో అంటున్నాడు. ఆమె చేతులు చాచింది. పిల్లవాడు కళ్ళు తెరిచాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అమ్మా, నేను లోపలుండల్లనా బయటుండల్లనా?" అని అడిగాడు.

ఉలిక్కిపడి లేచింది. దొడ్లో మున్వర్ గంప పక్కన నేల మీద ఒరిగి ఉంది. ముఖం ఎర్రగా కందిపోయింది. పెదాలు ఎండి అతుక్కుపోయాయి. గంప లోపల కుందేలు నోరు తెరుచుకుని డొక్కలు ఎగరేస్తూ ఉంది.

ఖాజాబీ కాలి నొప్పి మరిచిపోయి పరుగెత్తింది. కుండలోని నీళ్ళు సగం కోడలి తల మీద పోసింది. సగం తాగించింది. మున్వర్ తల ఆమె ఒడిలో ఉంది.

"బుద్ధుందా నీకు? కుందేలు కోసరం సచ్చిపోతావా?"

మున్వర్ కళ్ళు తెరవకుండానే మాట్లాడింది. జ్వరంలో మాట్లాడినట్టుంది ఆ గొంతు. "మా అమ్మోళ్ళు, పెండ్లయిన పిల్లవు, నీ ఇంటికి పో అంటారు. ఈడ మొగుడు లేడు. ఉండాడో లేడో చెప్పేటోళ్ళు గూడా లేరు. నేను లోపలిదాన్నా బయటిదాన్నా అత్తా? నాకు తెలిస్తే దానికీ చెప్తా."

ఖాజాబీ చెప్పేద్దామనుకుంది. నిజంగానే అనుకుంది. అయితే నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"లెయ్యి. దాన్ని తీసుకో. లోపలికే పోదాం."

"యాడికి?"

"ఆ గదికే."

ముందు అంగడిలో నుంచి అమీర్ బాషా అంతా చూశాడు. కోడలి ముఖం కూడా చూశాడు. "తలుపు మాత్రం మూసి పెట్టండి" అని పక్కకు తిరిగి పడుకున్నాడు.

గది తలుపు తీయగానే చల్లటి మట్టి వాసన వచ్చింది. మూలన దావూదు పరుపు చుట్టి ఉంది. దాని మీద దిండు. ముందుగా దిండు తీసి దాచాలని ఖాజాబీ అనుకుంది. మున్వర్ వెనకే నీళ్ళ గిన్నెతో వచ్చింది. చేసేది లేక ఖాజాబీ దిండును కాలితో పరుపు చుట్ట వెనక్కి, గోడ మూలకు తోసేసింది. కోడలు నీళ్ళకు బావి దగ్గరికి పోయినప్పుడు తీసుకోవచ్చులే అనుకుంది.

కోడలు బావి దగ్గరికి పోలేదు. వడదెబ్బ. మూడు రోజులు ఆ గదిలోనే చాప మీద పడుకుంది. ఖాజాబీ మజ్జిగ తెచ్చినప్పుడల్లా ఆమె కళ్ళు తెరిచే ఉండేవి. ఒక చెయ్యి కుందేలు మీద ఉండేది. ఏదో ఒకటి దానితో గొణుగుతూ ఉండేది. పులివెందుల్లో చింతతోపు సంగతి, చిన్నప్పటి పండగ గాజుల సంగతి. మసక చీకటిలో ఆ తెల్లది, ఆ గొణుగుడు, ఖాజాబీకి తానే కలలోకి వచ్చి పోతున్నట్టుండేది.

రెండో రోజు పొద్దున గది గడప దగ్గర నాలుగు తెల్లటి పింజలు కనిపించాయి. ఊడుస్తున్న ఖాజాబీ వాటిని ఏరి భర్త దూది గంపలో వేసింది. ఆ ఇంట్లో చిటికెడు దూదిని కూడా చెత్తలో పడనివ్వరు. మూడో రోజు పొద్దున గుప్పెడు దొరికింది. అది కూడా గంపలోకే పోయింది.

కామేశ్వరరావు గారి కొత్త పరుపుకు దూది ఏకడానికి అమీర్ బాషా గంప ముందు కూర్చున్నాడు. ఒక చేత్తో విల్లు పట్టుకుని, రెండో చేత్తో గంపలోకి చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఖాజాబీ."

"ఏంది?"

"ఇది పత్తి గాదు."

ఆయన ఒక పింజ తీసి బొటనవేలితో నలిపాడు. చెంపకు ఆనించుకున్నాడు. నలభై ఏళ్ళుగా దూది తప్ప మరొకటి ఎరగని వేళ్ళు. వాటికి అబద్ధం చెప్పడం ఎవరి వల్లా కాదు.

"ఇది బొచ్చు. యాడిదిది?"

"గది కాడ పడుంటే ఏరి వేసినా. దూదే అనుకున్యా."

అమీర్ బాషా కోపంతో లేస్తాడనుకుని ఆమె వెనక్కి జరిగింది. లేచాడు, కోపం మాత్రం లేదు. ముఖంలో ఏదో వింత వెలుతురు. "పిచ్చిదానా! ఈనే ముందు కుందేలు రొమ్ము మీద బొచ్చు పీక్కోని పిల్లలకు పక్క పరుస్తాది. మా నాయన చెప్పేటోడు. అది కడుపుతో వచ్చిందే ఇంటికి!"

ఆయన గది తలుపు తీసే సరికి మున్వర్ చాప మీద లేచి కూర్చుని, నోటి మీద వేలు పెట్టుకుని ఉంది. మాట్లాడొద్దని సైగ చేసింది. పరుపు చుట్ట వెనక మూలకు చూపించింది.

దావూదు దిండు ఒక పక్క చీలి ఉంది. చీలికలోంచి దూది బయటికొచ్చింది. దూది మీద బొచ్చు, బొచ్చు కింద ఏదో చిన్నగా కదిలింది. వెలుతురు పడేలా అమీర్ బాషా తలుపు ఇంకొంచెం తీశాడు. బొటనవేలంత పిల్లలు. వెంట్రుకలు లేవు, కళ్ళు తెరవలేదు. ఒకదాని మీద ఒకటి పడుకుని ఊపిరి పీలుస్తున్నాయి. తల్లి ఎదురు మూలలో తనకేమీ సంబంధం లేనట్టు కూర్చుని ఉంది. దాని రొమ్ము మీద పీకిన చోట చర్మం కనిపిస్తూ ఉంది.

"అల్లా!" అన్నాడు అమీర్ బాషా గుసగుసగా. "ఇంక బయట అనే మాటే లేదు. ఎవరన్నా అంటే వాళ్ళే బయటికి." తరువాత తనలో తాను, "ఆ గంపలో దూది సామికి పనికిరాదు. పక్కన పెట్టుకుందాం. మనింట్లో బిడ్డ పుడితే చిన్న పరుపు..." అన్నాడు. అని, మాట మధ్యలో ఆపేశాడు. ఎవరి ముఖమూ చూడకుండా తలగుడ్డ చుట్టుకుని, "బాలింతకు పచ్చగడ్డి కావల్ల. తోటల దిక్కు పోయొస్తా" అని బయటికి వెళ్ళిపోయాడు.

అత్తా కోడళ్ళు మిగిలారు.

మున్వర్ బోర్లా పడుకుని, గడ్డం చేతుల మీద ఆనించి గూడు చూస్తూ ఉంది. వడదెబ్బ ఎటు పోయిందో, ముఖం కడిగినట్టుంది. "ఐదుండాయనుకుంటా. ఆరేమో. అడుగున ఇంకొకటుండాది." కాసేపటికి అంది, "అత్తా, దీంట్లో ఏందో నీలం కాగితం ఉండాది చూడు."

ఖాజాబీ చూసింది. చాలాసేపటి కిందే చూసింది. పిల్లల కింద నీలం ముక్కలు. కొన్ని వేలెడంత, కొన్ని గోరంత. అంచులన్నీ కొరికి ఉన్నాయి. ఒక ముక్క మీద సిరా గీతలు ఉబ్బి, తడికి అలుక్కుపోయాయి.

ఆమె గుండె వింతగా తేలికైంది. ఇక ఎవరూ చదవలేరు. తాను చించలేదు, కాల్చలేదు. మూడు నెలల భయం ఒక మూగజీవి నోట్లో ముగిసిపోయింది. ఏదో పాత కాగితం లేమ్మా అంటే చాలు. బక్రీదు వస్తుంది, పోతుంది. మున్వర్ ఈ గదిలో ఈ కుందేలుతో ఉండిపోతుంది. సాయంత్రం పూట నవ్వు వినిపిస్తుంది.

"ఎవరు పెట్టినారో దిండులో కాగితం" అంది మున్వర్ తనలో తాను. "తాయెత్తేమో. ఆయన బాగుండాలని నువ్వేమన్నా పెట్టినావా అత్తా?"

ఆ మాటలో ఎకసెక్కం లేదు. అత్త మీద నమ్మకం తప్ప మరేమీ లేదు. ఎదురు మూలలో తల్లి కుందేలు, పీకి పీకి బోసిపోయిన రొమ్ముతో, రెప్ప వేయకుండా ఖాజాబీనే చూస్తూ ఉంది.

"తాయెత్తు గాదు" అంది ఖాజాబీ.

మున్వర్ తల తిప్పింది.

"అది వాడు రాసిన జాబు. నిన్ను బొంబాయి పంపమని. నేనే దాచినా."

మున్వర్ మెల్లగా లేచి కూర్చుంది. ఏడవలేదు. అత్తను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని ఖాజాబీ అనుకుంది.

"ఎప్పుడొచ్చింది?"

"షబేబరాత్ నాడు."

మున్వర్ పెదాలు కదిలాయి. నెలలు ఎంచుకుంటూ ఉంది. "బాగుండాడా?"

"బాగుండాడు. పని దొరికింది. గది తీసుకున్యాడు. బక్రీదు లోపల జవాబు పోకుంటే నీకు రావాలని లేదనుకుంటానని రాసినాడు. ఆ మీద యాడికి పోతాడో తెలీదు."

"ఇంకెన్ని దినాలు?"

"పంతొమ్మిది."

"అడ్రసు?"

ఖాజాబీ గూడు వైపు చూసింది. పిల్లలన్నిటి అడుగున, కాగితం మడత ఒకటి ఇంకా చిరగకుండా మిగిలి ఉంది. దాని మీద అడ్రసులాగా రెండు వరుసల రాత కనిపిస్తూ ఉంది. మూడో వరుస మీద ఒక పిల్ల పడుకుని ఉంది.

మున్వర్ చెయ్యి చాచింది. గూటికి బెత్తెడు దూరంలో ఆ చెయ్యి ఆగింది.

"మనిషి వాసన తగిలితే తల్లి పిల్లల్ని దగ్గరికి రానీయదంటారు గదా అత్తా?"

"అంటారు."

"అవి గూడు దిగేదానికి?"

"పదైదు దినాలు పడ్తాది."

"జాబు బొంబాయి చేరేదానికి?"

"నాలుగు."

తల్లి కుందేలు మూలలోంచి లేచింది. చప్పుడు లేకుండా రెండు గెంతులు వేసి గూడు దగ్గరికి వచ్చి, ఒక నీలం ముక్కను ముందరి పళ్ళతో పట్టుకుని లాగి, కొరకడం మొదలుపెట్టింది. మున్వర్ చెయ్యి గాలిలో అట్లాగే ఉంది.

వీధి తలుపు చప్పుడైంది. చంకలో గడ్డిమోపుతో, సంవత్సరంగా ఎవరూ వినని హుషారు గొంతుతో, అమీర్ బాషా లోపలికి వస్తూ కేక వేశాడు.

"ఏం కోడలా! తల్లీ పిల్లలూ అంతా ఒక చోటే ఉండారా?"